లేటెన్సీ తగ్గాలంటే థండర్‌బోల్టే కావాలా?

శ్రుతిపెట్టె
విండోస్ ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేయాల్సింది ఒక గొంతు, ఒక ఎలక్ట్రిక్ గిటార్. గిటార్ మోత ఆంప్ సిమ్ ప్లగిన్ (ఆంప్లిఫయర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) లోంచి రావాలి. రెండు ఇన్‌పుట్‌లు చాలు. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శాంపిల్స్ అనే శబ్దపు తునకల సంఖ్య) 256 పెడితే తీగ మీటడానికీ వినబడటానికీ మధ్య ఎడం, అంటే లేటెన్సీ, తెలుస్తోంది, 64కి దించితే చిటపటలు. థండర్‌బోల్ట్ పోర్టుకి గుచ్చే ఇంటర్‌ఫేస్ (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొంటే తప్ప తీరదని కొందరు, డైరెక్ట్ మానిటర్ బటన్ ఉన్నది ఏదైనా చాలని ఇంకొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మేఘగర్జన
థండర్‌బోల్టే. అది పీసీఐఈ దారి (కంప్యూటర్ లోపలి భాగాలను కలిపే వేగమైన దారి), శబ్దం నేరుగా మెమరీలోకి వెళ్తుంది. యూఎస్‌బీ 2.0లో డేటా 125 మైక్రోసెకన్లకోసారి వంతుల ప్రకారం కదులుతుంది. వంతు తప్పితే చిటపట వస్తుందని డ్రైవర్ కొంత అదనంగా పోగేసి ఉంచుకోవాలి. ఆ పోగే లేటెన్సీ.

లెక్కలపద్దు
మేఘగర్జన గారూ, పోగు మాట నిజమే. కానీ అది ఎంతన్నది తేల్చేది డ్రైవర్ రాసినవాళ్లు, పోర్టు కాదు. ఆర్‌ఎంఈ బేబీఫేస్ ప్రో నడిచేది యూఎస్‌బీ 2.0 మీదే, తక్కువ లేటెన్సీ అనగానే అందరూ ముందు చెప్పే పేర్లలో అదొకటి. వేగం చాలదనుకోవడానికీ లేదు: 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, రెండు లోపలికి, రెండు బయటికి కలిపితే సెకనుకు 5 మెగాబిట్లు కూడా కావు. యూఎస్‌బీ 2.0 గొట్టం 480.

శ్రుతిపెట్టె గారు చూడాల్సిన లెక్క ఇది. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ అంటే 2.67 మిల్లీసెకన్లు. రానూపోనూ రెండుసార్లు, 5.33. కన్వర్టర్లకు (శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చేవాటికి) సుమారు ఇంకొక మిల్లీసెకను. ఆపైన డ్రైవర్ దాచుకున్న పోగు. ఒకే 128 దగ్గర ఒక ఇంటర్‌ఫేస్ మొత్తం 7లో ముగిస్తే ఇంకొకటి 12 దాకా లాగేది ఇందుకే. అట్టపెట్టె మీద ఈ అంకె వేయరు. కాబట్టి కొనేముందు అడగాల్సింది: తయారీదారు సొంత ఏసియో (విండోస్‌లో ఆలస్యం తగ్గించే ఆడియో పద్ధతి) డ్రైవర్ ఇస్తున్నాడా? 64 దగ్గర కొలిచిన రౌండ్ ట్రిప్ (శబ్దం లోపలికెళ్లి బయటికొచ్చే మొత్తం సమయం) ఎంత? ఏసియో ఫర్ ఆల్ వాడమని చెప్పే పెట్టె జోలికి పోవద్దు. అది పరికరానికి రాసిన డ్రైవర్ కాదు, విండోస్ సొంత ఆడియో దారి మీద తొడిగిన తొడుగు.

సూటితీగ
ఇంత లెక్క దేనికండీ? డైరెక్ట్ మానిటర్ నొక్కితే మైకు శబ్దం కంప్యూటర్ గడప తొక్కకుండానే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. బఫర్ 512 ఉన్నా గొంతుకి నష్టం లేదు, చిటపటా ఉండదు. ఒక్కటి మరవకూడదు: ఆ ట్రాక్‌లో సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ (కంప్యూటర్ గుండా తిరిగొచ్చే శబ్దం వినడం) ఆపేయాలి. రెండూ తెరిచి ఉంటే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, అప్పుడు మైకుని తిట్టుకుంటారు.

మేఘగర్జన
గొంతుకి సరే. గిటారో? డైరెక్ట్ మానిటర్‌లో వినబడేది ఆంప్ లేని పొడి తీగ. డిస్టార్షన్ మీద వాయించే చెయ్యి దాన్ని విని వాయించలేదు. లోపలే డీఎస్‌పీ (శబ్దం పనికే కేటాయించిన ప్రాసెసర్) ఉన్న యూనివర్సల్ ఆడియో అపోలో లాంటిదైతే ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌లోనే నడుస్తుంది, కంప్యూటర్ బఫర్‌తో పని లేదు.

లెక్కలపద్దు
నడుస్తుంది, కానీ దానికోసం తయారైన ప్లగిన్లే. శ్రుతిపెట్టె గారి ఆంప్ సిమ్ అందులోకి ఎక్కదు, దాన్ని వదులుకోవాలి.

గొంతు విషయంలో నేను సూటితీగ గారి పక్షమే, కారణం ఇంకాస్త లోతైనది. పాడేవాళ్లకు తమ గొంతు ఎముకల గుండా ఎలాగూ వెంటనే వినబడుతుంది. హెడ్‌ఫోన్‌లో అదే గొంతు 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా కలిస్తే 250 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గొంతు పలచబడుతుంది. గిటార్‌కి ఈ గొడవ లేదు. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది, 8 మిల్లీసెకన్లంటే ఆంప్‌కి 2.7 మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. అంతవరకు చెయ్యి సర్దుకుంటుంది.

నల్లమెట్టు
కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు వాయించేవాళ్లకు లెక్క వేరు. ఆడియో లోపలికి వెళ్లేది లేదు కాబట్టి అవుట్‌పుట్ సగమే చూడాలి. పాత అయిదు పిన్నుల మిడీ (ఏ స్వరం నొక్కారో చెప్పే సంకేతాల) కేబుల్ అయితే ఒక్కో స్వరానికి దాదాపు 1 మిల్లీసెకను కలపండి.

శ్రుతిపెట్టె
అయితే కొత్తది కొన్నా 64లో చిటపటలు పోతాయన్న హామీ ఉందా? 96 కిలోహెర్ట్జ్‌కి మార్చితే బఫర్ సమయం సగమవుతుందని కూడా చదివాను.

లెక్కలపద్దు
సగమవుతుంది. కానీ 128 శాంపిల్స్ పనిని ప్రాసెసర్ 2.67కి బదులు 1.33 మిల్లీసెకన్లలో ముగించాలి. 64కే తడబడే మెషీన్‌కి అది మందు కాదు.

హామీ లేదు. ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి. లేటెన్సీమాన్ (ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపే ప్రోగ్రామ్) పెట్టి పది నిమిషాలు వదిలేయండి. ఎన్‌డీఐఎస్ (విండోస్ నెట్‌వర్క్ డ్రైవర్) పేరు పైకి వస్తే అనుమానం వైఫై మీద, రికార్డింగ్ సమయంలో దాన్ని ఆపండి. గ్రాఫిక్స్ డ్రైవర్ వస్తే దాన్ని మార్చి చూడండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్‌లో ఉండాలి. హబ్ తీసేసి ఇంటర్‌ఫేస్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కి గుచ్చండి. ఇన్ని చేశాక 64 నిలబడితే డబ్బు మిగిలినట్టే.

అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్‌నీ చూడండి. అక్కడ శబ్దాన్ని కాస్త ఆపి ఉంచుకుని పనిచేసే లుక్ అహెడ్ లిమిటరో, లీనియర్ ఫేజ్ ఈక్యూనో కూర్చుంటే ఏ ఇంటర్‌ఫేస్ పెట్టినా ఆలస్యం తగ్గదు. వాటిని మిక్సింగ్ దాకా ఆపాలి.

మేఘగర్జన
డ్రైవరే ముఖ్యమన్నది ఒప్పుకుంటాను. అయినా ఎనిమిది మైకులు పెట్టి, 32 శాంపిల్స్ దగ్గర, బరువైన ప్లగిన్లతో పని చేయాల్సి వస్తే నా ఓటు థండర్‌బోల్ట్‌కే. ఇంకో మాట: యూఎస్‌బీ-సీ ఆకారం చూసి మోసపోకండి. రంధ్రం అదే అయినా లోపల నడిచేది చాలాసార్లు యూఎస్‌బీ 2.0.

సూటితీగ
ఎనిమిది మైకుల సంగతి ఇక్కడెవరు అడిగారండీ? రెండు ఇన్‌పుట్‌లు.

లెక్కలపద్దు
ఏది తెచ్చుకున్నా మొదటి రోజే కొలవండి. డైరెక్ట్ మానిటర్ ఆఫ్, స్పీకర్లు మ్యూట్. 6.35 మిల్లీమీటర్ల టీఆర్‌ఎస్ కేబుల్‌తో అవుట్‌పుట్ 1ని ఇన్‌పుట్ 1కి కలపండి, ఇన్‌పుట్ లైన్ మోడ్‌లో ఉండాలి. ఆబ్లిక్ ఆడియో వాళ్ల ఆర్‌టీఎల్ యుటిలిటీ ఒక్కో బఫర్ దగ్గరా అసలు అంకె చూపిస్తుంది. తర్వాత అదే కేబుల్‌తో డీఏడబ్ల్యూ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) లో ఒక క్లిక్‌ని ఇంకో ట్రాక్‌లోకి రికార్డ్ చేసి, రెండింటినీ పెద్దవి చేసి చూడండి, అంతకుముందు కొత్త ట్రాక్‌లో సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆపండి. డ్రైవర్ నిజం చెబితే రెండూ ఒకే గీత మీద ఉంటాయి. 40 శాంపిల్స్ తేడా ఉంటే ఆ 40ని రికార్డింగ్ ఆఫ్‌సెట్ (రికార్డైనదాన్ని ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్) లో ఇవ్వాలి. ప్లస్సా మైనస్సా అన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది, ఇచ్చాక మళ్లీ క్లిక్ రికార్డ్ చేయండి. తేడా 80 అయితే గుర్తు తిరగబడినట్టు.