తప్పు మాట ఒక్కటీ లేదు, అయినా మనశ్శాంతి లేదు. ఇది శోధనేనా (పాపం వైపు లాగేదేనా)?

సందేహి:
అందరికీ వందనాలు. పేరు చెప్పకుండా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు పెళ్లయింది. మా ఆఫీసులో ఒక సిస్టర్ ఉన్నారు, ఆవిడా విశ్వాసే, ఆవిడకీ పెళ్లయింది. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగోలేనప్పుడు ప్రార్థన చేయమని అడిగారు, అలా మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇప్పుడు ప్రార్థన మనవి ఎప్పుడో ఒకటి, మిగతావన్నీ కబుర్లే, రాత్రి పడుకునే ముందు కూడా. తప్పుడు మాట ఒక్కటి కూడా లేదు, నిజంగా చెప్తున్నాను. కానీ ఇంటికి రాగానే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను, కొన్ని మెసేజ్‌లు డిలీట్ చేస్తున్నాను. ఈ శోధన తీసెయ్ ప్రభువా అని రోజూ ప్రార్థిస్తున్నా. ఇది పాపమా కాదా? పాపం కాకపోతే ఈ టెన్షన్ ఎందుకు?

పాతనిబంధన:
బ్రదర్, బైబిల్లో ఆదికాండము 39 చదవండి. యోసేపు అనగానే అందరూ వస్త్రం వదిలేసి పారిపోయిన 12వ వచనమే చెప్తారు, దానికి ముందున్న 10వ వచనం దగ్గర ఎవరూ ఆగరు. యజమాని పోతీఫరు భార్య తనతో పడుకోమని రోజూ అడుగుతూనే ఉంది, అతను ఆమెతో పడుకోవడానికే కాదు, ఆమె దగ్గర ఉండడానికి కూడా ఒప్పుకోలేదు అని ఉంది అక్కడ. పరుగెత్తింది ఒక్కరోజే గానీ నిర్ణయం అంతకుముందే అయిపోయింది. మీరేమో శోధన తీసెయ్యమని ప్రార్థన చేసి, ఆమేన్ అన్న చేత్తోనే రిప్లై టైప్ చేస్తున్నారు. కటువుగా ఉంటే క్షమించండి.

గువ్వ:
పాపమా కాదా అని గీత ఎక్కడుందో వెతికితే మనం ఎప్పుడూ ఆ గీత పక్కనే నిలబడతాం అన్నా. బైబిల్లోని సామెతలు 9లో ఇద్దరు స్త్రీలు పిలుస్తారు, జ్ఞానం ఒకరు, బుద్ధిహీనత ఒకరు. ఇద్దరూ ఊళ్లో ఎత్తయిన చోటు నుంచే పిలుస్తారు, ఇద్దరూ చెప్పే మొదటి మాట కూడా ఒకటే, 4వ వచనం, 16వ వచనం పక్కపక్కన పెట్టి చూడండి. పిలుపు విని తేడా పట్టుకోలేం. తేడా భోజనంలో ఉంది. జ్ఞానం తన పశువులను వధించి, తన బల్ల సిద్ధం చేసి పిలుస్తుంది. రెండో ఆమె దగ్గర ఏముంది? "దొంగిలించిన నీళ్లు తీపి, చాటున తినిన భోజనము రుచి." మీరు డిలీట్ చేసిన మెసేజ్‌లో బూతు ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, మీ భార్య పక్కన కూర్చుని ఉంటే అదే మెసేజ్ పంపుతారా?

ఇంకోటి, ప్రార్థనతో మొదలైంది కాబట్టి మంచిదే అనుకోకండి. సామెతలు 7లో భర్త ఊళ్లో లేనప్పుడు యువకుణ్ణి వల్లో వేసుకునే స్త్రీ ఎత్తుకున్న మొదటి మాట ఏమిటో తెలుసా, దేవుడికి సమాధానబలులు అర్పించాను, నా మ్రొక్కుబళ్లు చెల్లించాను అని. ఏదెను తోటలో హవ్వకి కూడా దేవుడు తినొద్దన్న పండు వివేకం ఇచ్చేదిగానే కనిపించింది. శోధన ఎప్పుడూ చెడ్డ ముఖంతోనే వస్తే ఇన్ని అధ్యాయాలు రాయాల్సిన పనే లేదు కదా.

ఒక సోదరి:
గువ్వ గారు చెప్పింది బాగుంది కానీ ఆవిడని సామెతలు 7లోని స్త్రీ పక్కన నిలబెట్టకండి. మనం వింటున్నది ఒకవైపు మాటే. తండ్రి జబ్బుతో ఉన్న మనిషికి మాట్లాడేవాళ్లు దొరికారు, ఆవిడ మనసులో అంతకుమించి ఏమీ లేకపోవచ్చు. ప్రతివాడూ తన స్వంత దురాశ వల్లనే శోధింపబడతాడని యాకోబు రాశాడు, ఎదుటివాళ్ల వల్ల అని రాయలేదు. అలాగని మీరు కుమిలిపోవాల్సిన పని కూడా లేదు బ్రదర్, శోధన రావడమే పాపం కాదు, ప్రభువుకీ వచ్చింది, ఆయన పాపం చేయలేదు. మీ మనసు ఇంకా గుచ్చుతోందంటే అది మంచిదే.

శోధనతో పాటు దేవుడు ఇస్తాడని కొరింథీయుల పత్రికలో చెప్పిన తప్పించుకొను మార్గం చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, మనకి నచ్చదు అంతే. చెప్పాపెట్టకుండా మాయమైపోకండి, అది ఆవిడకి అవమానం. నాన్నగారి కోసం ఇకనుంచి నేనూ నా భార్యా కలిసి ప్రార్థన చేస్తాం, ఏదైనా ఉంటే తనకే మెసేజ్ పెట్టండి అని ఒక్క మాట రాసి, రాత్రి మాటలు ఆపేయండి. ప్రార్థన కూడా కొంచెం మార్చండి. యాకోబు 1:5 జ్ఞానం తక్కువైతే అడగమంటుంది. "తీసెయ్ ప్రభువా" అన్నప్పుడు పని మొత్తం దేవుడి మీద వేస్తున్నాం, జ్ఞానం అడిగితే లేచి చేయాల్సింది మనమే.

సందేహి:
థాంక్స్. డిలీట్ గురించి అడిగింది సూటిగా తగిలింది, ఆ మెసేజ్ తన ముందు పంపను, అది నిజం. కానీ ఏమీ జరగనిదానికి భార్యకి చెప్పి ఆమె మనసు కష్టపెట్టడం అవసరమా? నాకు వాక్యం తెలుసు, సండే స్కూల్లో పిల్లలకి చెప్తాను కూడా, ఇక్కడితో ఆపేస్తే చాలదా?

పాతనిబంధన:
జరగనిదైతే డిలీట్ చేసింది ఏమిటి బ్రదర్? వాక్యం తెలుసు అంటున్నారు, సొలొమోను రాజుకి తెలియదా? మూడు వేల సామెతలు చెప్పినవాడు. రాజు చాలామంది భార్యలను చేసుకోకూడదని ధర్మశాస్త్రంలో రాసే ఉంది, అయినా 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు, ముసలితనంలో హృదయం వేరే దేవతల వైపు తిరిగింది. కొడుక్కి బుద్ధి చెప్పడం వేరు, తాను దాని ప్రకారం నడవడం వేరు.

ఒక సోదరి:
చెప్పాలి, నేనూ అదే అంటాను. కానీ మీ బరువు దింపుకోవడానికి అర్ధరాత్రి లేపి అన్నీ ఆమె మీద గుమ్మరించకండి. ముందు ఆ మాటలు ఆపండి, నోరు జారని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో కలిసి ఒకసారి ప్రార్థన చేయండి, తర్వాత ఆలస్యం చేయకుండా చెప్పండి. ఆమెకి కోపం వస్తుంది, వచ్చే హక్కుంది, అప్పుడు "ఏమీ జరగలేదుగా" అనే మాట మాత్రం ఎత్తకండి. ఫోన్ చూపించమంటే చూపించండి. అన్నట్టు డిలీట్ చేసినవి ఉన్నాయని ఆమె కనిపెట్టకముందే మీరే చెప్పండి.