సమస్యాపూరణం: దొంగ లేని జట్టు దోపిడౌను

పాచికల పంతులు (నిర్వాహకుడు):
డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఏ క్లాసు (పాత్ర వృత్తి) గొప్పదని పోయిన వారం మొదలైన గొడవ ఇంకా తెగలేదు. అందుకే దానికి తగ్గ సమస్యే ఇస్తున్నాను.

దొంగ లేని జట్టు దోపిడౌను

ఆటవెలది నాలుగో పాదం, యతి దొ-దో. దొంగంటే పాచికలు వేస్తూ, కల్పిత పాత్రలుగా సాహసాలు చేసే మన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దొంగే. 1974లో ఆట వచ్చినప్పుడు ఉన్న క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్ (యోధుడు), మ్యాజిక్ యూజర్ (మాంత్రికుడు), క్లెరిక్ (గాయాలు మాన్పే గురువు). దొంగ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు, 2000లో మూడో ఎడిషన్ నుంచి రోగ్ అనిపించుకుంటున్నాడు. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకంలో క్లాసులు 12. మీ అభిమానం ఎవరి మీదైనా ఉండనివ్వండి, పాదం మాత్రం మార్చకూడదు. అరసున్నలు పెట్టకపోయినా ఊరుకుంటాను. యతి తప్పితే ఊరుకోను.

కొండపల్లి బొమ్మ:
బోణీ నాదే పంతులుగారూ.

తలుపు తాళమందు దాగిన విషసూది
కత్తి చూపినంత కరుగబోదు
ముందు నడచి మీట ముట్టి చూడగ నేర్చు
దొంగ లేని జట్టు దోపిడౌను

పాచికల పంతులు:
బాగుంది. సమస్యను ఎక్కడా మెలిపెట్టకుండా, ఆట తెలిసినవాళ్ల మాటగా పూరించారు. త-ద యతి చక్కగా కుదిరింది. ‘ముట్టి చూడగ నేర్చు’ అన్నచోట రోగ్ పనంతా వచ్చేసింది: దొంగతనం కాదు, జాగ్రత్త. అడగాల్సింది ఒక్కటే. మీ టేబుల్ మీద రోగ్‌కి ఏ బొమ్మ వాడుతున్నారు?

కొండపల్లి బొమ్మ:
తాడిచెట్టు ఎక్కే గౌడు బొమ్మండీ. చెట్టు నుంచి ఊడదీశాం. తెల్లపొణికి చెక్క కదా, తేలిక, ఫ్యాన్ వేస్తే పడిపోతాడు. అంబారీ ఏనుగు మా డ్రాగన్.

కృష్ణలంక డాలు:
నేను ఫైటర్ మనిషిని. ఈ సమస్యనే ఒప్పుకోను.

డాలు పట్టి ముందు ఢాకొని నిలువగా
గాయమాన్ప గురువు కడనె యుండ
ఎవ్వరనిరి మీకు? ఎక్కడ విన్నారు?
దొంగ లేని జట్టు దోపిడౌను

బ్రాడీపేట పిన్ని:
మొదటి పాదం డాలు-ఢాకొని భలే పడింది నాయనా. మూడో పాదం దగ్గరే చిక్కు. ‘యుండ ఎవ్వరు’ ఒక విసంధి (సంధి చేయాల్సిన చోట చేయకపోవడం), ‘మీకు ఎక్కడ’ ఇంకొకటి. ఇలా అను:

నెవ్వరనిరి బావ! యెక్కడ విన్నావు

గణాలు చెడవు, యతీ నిలుస్తుంది, పైగా మన గుంటూరు వరస కూడా కలుస్తుంది. ఇక సమస్యను ‘ఎవరన్నారు’ అని ప్రశ్నలో పడేసి తప్పించుకోవడం అవధానాల్లో అందరూ చేసేదే. తప్పు కాదు గానీ, చప్పట్లు రావు.

కొండపల్లి బొమ్మ:
విషయంలో కూడా పేచీ ఉంది అన్నా. కొండవీడు కోట మెట్లదారి మ్యాప్ గీసి ఆడిన రోజు గుర్తుందా? రోగ్ ఆడే కుర్రాడు పరీక్షలని రాలేదు. నువ్వు డాలు పట్టుకుని ముందు నడిచావు, మెట్టు కుంగింది, ఇద్దరు గోతిలో పడ్డారు. నీకు హిట్ పాయింట్ల (ప్రాణబలం) పాచిక పది ముఖాలది కాబట్టి లేచి నిలబడ్డావు. నీ వెనక వచ్చిన విజార్డ్‌ది ఆరు ముఖాలది. గురువుగారు గాయం మాన్పే లోపలే గొబ్లిన్లు (పొట్టి రాక్షసులు) వచ్చి సంచులన్నీ పట్టుకుపోయాయి. సమస్యాపాదం అక్షరాలా జరిగింది.

కృష్ణలంక డాలు:
అది డీఎం (ఆట నడిపేవాడు) కక్ష. నన్ను కలపొద్దు. పిన్నిగారి సవరణకు మాత్రం దండం.

మొగల్రాజపురం మాంత్రికుడు:
ఆ గోతిలో పడ్డ విజార్డ్‌ని నేనే. అందుకే రోగ్ పక్షాన రాస్తున్నా.

మంత్ర మొకటి వాడ మఱునాటి వరకును
నిద్రపోక తిరిగి నేర్వలేడు
తరిగిపోని వేళ్ల తాళాలు విప్పెడి
దొంగ లేని జట్టు దోపిడౌను

పాచికల పంతులు:
‘తరిగిపోని వేళ్ల’ ఈ వారం మొత్తానికి మంచి మాట. మంత్రం ఖర్చయిపోతుంది, వేళ్లు ఖర్చు కావు. అయితే ‘నేర్వలేడు’ సరే, ఎవరు? కర్త ఎక్కడా లేడు. చదివేవాడు దొంగే నేర్వలేడనుకునే ప్రమాదం ఉంది. ఇలా మార్చి చూడండి:

మాంత్రికుండు వాడు మంత్రమ్ము మఱునాడె
నిద్రలేచి తిరిగి నేర్వవలయు

మొగల్రాజపురం మాంత్రికుడు:
అన్వయం కుదిరింది, థాంక్స్ అండీ. తాళాలు తెరిచే నాక్ మంత్రం సంగతి కూడా ఇరికిద్దామనుకున్నా, చోటు చాల్లేదు. ఐదో ఎడిషన్‌లో దాంతో తాళం తెరిస్తే ఆ చప్పుడు 300 అడుగుల దాకా వినిపిస్తుంది. నిద్రపోతున్న కాపలావాళ్లను మనమే లేపినట్టు. రోగ్ అయితే తాళం తీసినట్టు తాళానికి కూడా తెలియదు.

తెనాలి తంబుర:
బార్డ్ (పాటగాడి క్లాసు) పక్షం నాది. మీరంతా తాళాల దగ్గరే ఆగిపోయారు. దోపిడి చేసేవాళ్లు దారిలోనే కాపు కాస్తే?

దారి కాచు మూక తంబుర విన్నంత
బల్లెములను దించి బాట చూపు
పాటతోడ గెలుచు బార్డువంటి మనసు
దొంగ లేని జట్టు దోపిడౌను

బ్రాడీపేట పిన్ని:
ఓసి నీ దుంపతెగ! ‘మనసు’ మూడో పాదం చివర పెట్టి దొంగను మనసుదొంగ చేసేశావా. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా అర్థం తిప్పేశావమ్మా. పా-బా యతి కూడా హాయిగా ఉంది.

కృష్ణలంక డాలు:
పద్యంలో బార్డ్ అనే ఇంగ్లిష్ మాట చెల్లుతుందా? నాకు విసంధి దగ్గర అంత క్లాసు పీకారు!

బ్రాడీపేట పిన్ని:
ఉకారం తగిలించి ‘బార్డు’ చేసింది కదా, చెల్లుతుంది. నువ్వూ ‘ఫైటరు’ అని వాడుకోవాల్సింది, ఎవరొద్దన్నారు?

కొండపల్లి బొమ్మ:
పూరణ బాగుంది, ఒప్పుకుంటా. కానీ విషసూదికి పాట వినిపించదు కదా అక్కా. చెవులున్న శత్రువుల దగ్గరే మీ తంబుర.

తెనాలి తంబుర:
అందుకేగా మా జట్టులో రోగ్ కూడా ఉన్నాడు తమ్ముడూ!

పాచికల పంతులు:
డ్రూయిడ్ (అడవి మంత్రగాడి క్లాసు) మీద విడిగా వచ్చిన పూరణ రెండో పాదంలో ఆరు గణాలున్నాయి, సరిచేసి మళ్లీ పంపండి. ఈ వారం మొదటి స్థానం తెనాలి తంబురగారిదే. ఆట తెలిసిన పూరణ ఏదంటే మాత్రం నా ఓటు విషసూదికి. మాంత్రికుడు సవరించిన పద్యం మళ్లీ పూర్తిగా పెట్టాలి.

వచ్చే ఆదివారానికి తేటగీతి. పాత రూల్స్‌లో పదునున్న ఆయుధం పట్టకూడని క్లెరిక్‌ను, ఆయన గదను తలుచుకుని పూరించండి:

మోదు చేతులె ప్రాణాలు మోసి తెచ్చె

కృష్ణలంక డాలుగారూ, ‘ఎవ్వరనిరి’ ఈసారి కుదరదు.