పిల్లల థెరపీలో నాలుగేళ్ళయ్యాక ముందుకెళ్ళడం ఎలా? ఇంకో సర్టిఫికెట్టా, సూపర్విజనా?

లక్కపిడత అడిగారు:
ఎమ్మెస్సీ సైకాలజీ, నాలుగేళ్ళుగా స్కూల్ కౌన్సెలర్ పని. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలు, వారానికి 14 సెషన్లు. ఏ పిల్లవాడు వచ్చినా సెషన్ ఒకే అచ్చులో పోసినట్టు నడుస్తోంది: కాస్త బంకమట్టి, కాస్త బొమ్మలు గీయించడం, చివర్లో నాలుగు మంచి మాటలు. ప్లే థెరపీ (ఆటల ద్వారా చికిత్స) వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు బోలెడు కనిపిస్తున్నాయి. ఒకటి చేయాలా? ఊళ్ళో సూపర్విజన్ (అనుభవమున్నవాళ్ళు మన కేసులు చూసి దిద్దడం) ఇచ్చేవాళ్ళు లేరు. ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసే భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ లేకుండా ఈ దారిలో ఎంత దూరం వెళ్ళొచ్చు?

రెండో కుర్చీ:
కోర్సు డబ్బు ఇప్పుడే కట్టకండి. ముందు మీ సెషన్ మీరే వినండి. తల్లిదండ్రుల సంతకం తీసుకుని వారానికి ఒక్క సెషన్ ఆడియో రికార్డు చేయండి. అందులో మధ్య 10 నిమిషాలు చాలు. మొదట్లో పలకరింపులు, చివర్లో సర్దుబాట్లు ఉంటాయి, అసలు పని మధ్యలోనే జరుగుతుంది. ఆ 10 నిమిషాలూ ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి, ఎడమవైపు పిల్లవాడి మాటలు, చేతలు, కుడివైపు మీవి. తర్వాత మీ ప్రతి మాట పక్కన గుర్తు పెట్టండి: ప్రశ్న, ఆదేశం, మెచ్చుకోలు, అద్దం. పిల్లవాడు చేస్తున్నదాన్ని, వాడి మనసులో ఉన్నదాన్ని తిరిగి చూపించే మాట అద్దం. లెక్కపెట్టాక ఎక్కువమందికి ప్రశ్నలదే పైచేయి అని తేలుతుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యం చివర చిన్న దీర్ఘంతో ప్రశ్న అయిపోతుంది. పిల్లవాడు ఏనుగు బొమ్మతో లక్కపిడతల్ని తొక్కిస్తున్నాడు అనుకోండి. "ఏనుక్కి కోపం వచ్చిందా?" అంటే వాడు ఆట ఆపి మీకు జవాబు చెప్పాలి. సాధారణంగా వచ్చే జవాబు "లేదు". "కోపం వచ్చింది కదూ" అన్నా అంతే, ఒప్పుకోమని అడుగుతున్నట్టే. "ఏనుక్కి బాగా కోపమొచ్చింది. ఒక్కటీ మిగలనివ్వట్లేదు." ఇక్కడ గొంతు దించి ఆపేయండి, మనసులో ఐదు లెక్కపెట్టండి. మీ ఊహ తప్పైతే వాడే దిద్దుతాడు, "కోపం కాదు, దానికి ఆకలి" అంటాడు. ఆ దిద్దడం కూడా మీకు సమాచారమే.

మెచ్చుకోలు సంగతి. బొమ్మ గీస్తుంటే గీతగీతకీ "వెరీ గుడ్ నాన్నా" అంటే, రెండు వారాల్లో వాడు గీతగీతకీ తలెత్తి మీ మొహం చూస్తాడు. దానికి బదులు "ఆకాశమంతా నల్లరంగే వేశావు" అని ఊరుకోండి.

నాలుగు వారాలకి ఒక్క అలవాటే మార్చండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి ప్రశ్నలన్నీ మానేస్తే చిలకపలుకులు మిగులుతాయి. తొమ్మిదేళ్ళ పిల్ల "నేనన్నదే మళ్ళీ ఎందుకంటున్నారు?" అని అడిగిందంటే మీరు మాటల్ని తిప్పి చెబుతున్నారు, భావాన్ని కాదు.

హద్దులు పెట్టడానికి అమెరికా ప్లే థెరపీ నిపుణుడు గ్యారీ లాండ్రెత్ చెప్పిన మూడు మెట్ల పద్ధతి మీ ఆడియో టేపులో సులువుగా పట్టుకోవచ్చు: భావం, హద్దు, ప్రత్యామ్నాయం. "నామీద ఇసుక చల్లాలనుంది నీకు. మనుషుల మీద చల్లకూడదు. ఆ బకెట్లో ఎంతైనా చల్లొచ్చు." తొందరలో మనం హద్దుతో మొదలుపెడతాం, మూడోది మరిచిపోతాం. అక్కడే పేచీ వస్తుంది.

గోదారి గట్టు:
పై పద్ధతికి రెండు జాగ్రత్తలు. ఫోన్‌లో రికార్డు చేస్తే ఆటోమేటిక్ బ్యాకప్ ముందే ఆపండి. లేకపోతే పిల్లవాడి గొంతు మీ ఇంటి ట్యాబ్‌లో కూడా తేలుతుంది. అనుమతి పత్రంలో ఎవరు వింటారు, ఏ తేదీన తుడిపేస్తారు అన్నవి రాయండి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్ళలోపు వాళ్ళంతా పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా రికార్డు చేయకండి. పిల్లవాడికీ చెప్పండి, వద్దంటే ఆపేయండి.

సూపర్విజన్‌కి ఊళ్ళో మనిషే అక్కర్లేదు. నలుగురు కౌన్సెలర్లు పదిహేను రోజులకోసారి వీడియోలో కలిసి 90 నిమిషాలు కూర్చుంటే చాలు. కేసు తెచ్చినవాళ్ళు ఒక్క వాక్యంలో తమ ప్రశ్న చెప్పి, 5 నిమిషాల టేపు వినిపించాలి. మొదటి 15 నిమిషాలు ఎవరూ సలహా ఇవ్వకూడదు, విన్నదే చెప్పాలి. అందరూ ఒకే స్థాయివాళ్ళైతే ఇది త్వరలోనే ఓదార్పు సభ అయిపోతుంది. అందుకని నెలకోసారి నలుగురూ ఫీజు పంచుకుని ఒక సీనియర్‌ని పిలవండి. టేపు వినడానికి ఒప్పుకునే సీనియరే కావాలి, కథ విని తల ఊపేవాళ్ళు కాదు. నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వారి సంవాద్ కార్యక్రమం ఆన్‌లైన్ శిక్షణలు కూడా చూడండి, అవి పిల్లలతో పనిచేసేవాళ్ళ కోసమే.

మూడో అంతస్తు:
టేపు మంచిదే, కానీ అసలు జబ్బు అది కాదనిపిస్తోంది. సమస్యలు వేర్వేరుగా ఉంటే సెషన్ ఒకేలా ఎందుకుంది? ఐదేళ్ళు దాటినా పక్క తడిపే పిల్లకి బంకమట్టితో పనిలేదు. ముందు పిల్లల డాక్టరు మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ చూడాలి, తర్వాత తడి తగలగానే మోగి లేపే అలారం పద్ధతి. ఆరేళ్ళవాడు ఎదురుతిరుగుతుంటే తల్లిదండ్రులకు శిక్షణే ప్రధానం: రోజూ 5 నిమిషాలు, వాడు నడిపే ఆట, ప్రశ్నలూ ఆదేశాలూ లేకుండా. తొమ్మిదేళ్ళ పిల్ల భయానికి మెట్లమెట్లుగా ఎదుర్కోవడం. కాబట్టి మూడో సెషన్‌కల్లా అరపేజీ రాయండి: ఏం జరుగుతోంది, ఎందుకు ఆగట్లేదు, ఏం మార్చబోతున్నాం. ఆ అరపేజీ రాయలేకపోతే ఏ కోర్సూ ఆదుకోదు.

కొలత కూడా పెట్టండి. ఎస్‌డీక్యూ అంటే పిల్లల బలాలు, కష్టాల గురించి అడిగే 25 అంశాల పత్రం. కష్టాల మొత్తం స్కోరు 20 అంశాలదే, 0 నుంచి 40 దాకా. మంచి నడవడి అంశాలు 5 అందులో కలపకూడదు, చాలామంది కలిపేస్తారు. మామూలు పత్రం గడిచిన ఆరు నెలల గురించి అడుగుతుంది. నెలకోసారి అదే ఇచ్చి "మార్పు లేదు" అనుకోకండి. గడిచిన నెల గురించి అడిగే ఫాలోఅప్ పత్రం వేరే ఉంది.

ఆర్‌సీఐ గురించి: కౌన్సెలింగ్ చేయడం వేరు, క్లినికల్ సైకాలజిస్టునని రాసుకోవడం వేరు. రిజిస్టర్లో పేరు లేకుండా ఆ హోదా వాడకండి, వైకల్య ధ్రువీకరణ కోసం ఐక్యూ రిపోర్టులు ఇవ్వకండి. అటువైపు వెళ్ళాలనుకుంటే, కోర్సుకి ఆర్‌సీఐ అనుమతి ఏ విద్యాసంవత్సరం దాకా ఉందో కౌన్సిల్ సైట్‌లో చూడందే ఫీజు కట్టకండి. కాలేజీ బ్రోషర్ సరిపోదు.

లక్కపిడత:
అందరికీ థ్యాంక్సండీ. ఒక్క సందేహం. రికార్డింగ్ నడుస్తుండగా పిల్ల ఎవరో ముట్టుకున్నారని చెబితే?

గోదారి గట్టు:
మొదటి సెషన్లోనే ఇలా చెప్పి ఉంచండి: "ఇక్కడి మాటలు ఊరికే ఎవరికీ చెప్పను. నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం, నిన్ను కాపాడేవాళ్ళకి చెప్తాను." "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి. 2012 పోక్సో చట్టం (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపాల్సిందే. స్కూల్ యాజమాన్యానికి చెప్పి ఊరుకుంటే మీ బాధ్యత తీరదు. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పిల్ల చెబుతున్నప్పుడు ఎన్నిసార్లు, ఎక్కడ, ఇలా చేశాడా అని గుచ్చి అడగకండి. మీ మాటలు పిల్ల వాంగ్మూలంలో కలిసిపోతే తర్వాత కోర్టులో అవే అడ్డం వస్తాయి. తను అన్న మాటలు తను అన్నట్టే, తేదీ, టైముతో రాసిపెట్టండి. ఆ రికార్డింగ్ మాత్రం అనుకున్న తేదీకి తుడపకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.