గీత తెగిన చోట మూసేయాలా, వదిలేయాలా? (స్కాన్ చేసిన ఇంకు బొమ్మకు కంప్యూటర్‌లో రంగులు)

మూడులాంతర్లు (విజయనగరం)

మా ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర ఆరేళ్ళుగా బొమ్మలు నేర్చుకుంటున్నాను. మాస్టారు అంటాను. ఈసారి ఒక క్యాలెండర్‌కి ఆయన మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ, సిరిమానోత్సవం బొమ్మ వేశారు. ఏ3 కార్ట్రిడ్జ్ కాగితం, నల్ల ఇంకు, కుంచె. పెన్ను ముట్టుకోరు. రంగులు కంప్యూటర్‌లో నన్ను వేయమన్నారు.

మన పండగ చూసినవాళ్ళకి బొమ్మ కళ్ళ ముందు కనబడుతుంది. మాను (పొడవాటి చెట్టు కాండం) చివర పూజారి, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వెనక కోట గోడ, చుట్టూ ఇసకేస్తే రాలని జనం. మాస్టారి గీత ఎక్కడా పూర్తిగా కలవదు. భుజం దగ్గర లావుగా మొదలై మోచేతి దగ్గరికి సన్నబడి ఆగిపోతుంది. ముంజేయి ఇంకెక్కడో మొదలవుతుంది. కాగితం మీద చూస్తే ఆ చెయ్యి కదులుతున్నట్టే ఉంటుంది. కానీ ఒక ఆవిడ చీరలో బకెట్ టూల్‌తో (గీత అడ్డొచ్చేదాకా రంగు నింపుకుంటూ పోయేది) ఎరుపు పోస్తే కోట గోడ దాకా పాకింది.

అందుకని ఏం చేశానంటే, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి, త్రెషోల్డ్ కొట్టి (ప్రతి చుక్కనీ నలుపో తెలుపో చేసేసి) బూడిద రంగు అంతా తీసేసి, పెన్సిల్ టూల్‌తో తెగిన చోటల్లా గీత కలిపాను. మూడు రాత్రులు పట్టింది. తీసుకెళ్ళి చూపిస్తే మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "బాగానే ఉంది గానీ, ఇది ఎవరు గీశారు?" అన్నారు.

అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. రంగుల కోసం గీతలు మూయడం తప్పా? మీరెలా చేస్తారు?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మూసేయాలి. ఇందులో చర్చేముంది?

మడికి గట్టు వేయకుండా నీరు పెట్టి, పక్క మడిలోకి పోయిందని ఏడిస్తే ఎలా బావూ! నేను పిల్లల కథల పుస్తకాలకి రంగులు వేస్తాను. పేజీకి ఇంత అని ఇస్తారు, గీతలో ఖాళీ ఎంత అందంగా ఉందో చూసి ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వరు. రంగు మనిషికి పని మొదలయ్యేదే ఫ్లాట్స్‌తో. చీర ఒక రంగు, రవిక ఒక రంగు, చర్మం ఒక రంగు, నీడల్లేకుండా చదునుగా పోసేయడం. రేపు పబ్లిషర్ చీర ఆకుపచ్చ చెయ్యమంటే మ్యాజిక్ వాండ్‌తో (ఒకే రంగున్న భాగాన్ని ఎంచుకునే టూల్) ఒక్క క్లిక్. గీత మూసి, అంచు గట్టిగా ఉంటేనే అది కుదురుతుంది.

త్రెషోల్డ్ కొట్టి మంచి పనే చేశావు. మెత్తటి అంచు ఉంటే నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిద రంగు పిక్సెళ్ళు ఉంటాయి. బకెట్ అక్కడ ఆగిపోయి గీత పక్కన పాలిపోయిన అంచు వదిలేస్తుంది. అది పోవాలని టాలరెన్స్ (ఎంత తేడా ఉన్న రంగుని కూడా కలుపుకోవాలనే లెక్క) పెంచితే సన్న గీత దాటి బయటికి పోతుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

నీ తప్పల్లా 300లో స్కాన్ చేయడం. 600లో చేసి త్రెషోల్డ్ కొట్టు, ఫ్లాట్స్ కూడా 600లోనే వెయ్యి. చివర 300కి తగ్గిస్తే నాలుగేసి పిక్సెళ్ళు కలిసి ఒకటవుతాయి, అంచు దానంతట అదే మెత్తబడుతుంది.

కుంచె_చాలు (బొబ్బిలి)

పై మిత్రుడు రంగు వేయడం గురించి చెప్పారు. బొమ్మ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

కుంచెలో ఇంకు అయిపోవచ్చినప్పుడు గీత గరుగ్గా, నూగునూగుగా వస్తుంది. ఏనుగు చర్మానికీ మాను బెరడుకీ మీ మాస్టారు కావాలనే అలా లాగి ఉంటారు. దాని మీద 300 డీపీఐలో త్రెషోల్డ్ కొడితే మిగిలేది కంకర. ఆ పైన ఒకే మందం పెన్సిల్ టూల్‌తో ఖాళీలు కలిపావు. కుంచె గీత మధ్యలో తీగ ముక్క అతికించినట్టు ఉంటుంది. ఆయన "ఎవరు గీశారు" అన్నారంటే, తమ్ముడూ, ఆయనకి ఆ ముక్కలన్నీ కనబడ్డాయి.

నేనైతే త్రెషోల్డ్ జోలికే పోను. లెవెల్స్ (నలుపు తెలుపుల్ని సర్దే టూల్) తీసుకుని తెల్ల ముల్లు కాగితం రంగు దాకా, నల్ల ముల్లు ఇంకు దాకా జరుపుతాను. కాగితం తెల్లబడుతుంది, ఇంకు నల్లబడుతుంది, మధ్యలో ఉన్నది బతుకుతుంది. ఆ గీతని పైన మల్టిప్లై లేయర్‌గా (తెలుపు మాయమై కింది రంగు కనిపించే పొర) పెట్టి కింద లేయర్‌లో బ్రష్‌తో రంగు వేస్తాను. బకెట్ అసలు ముట్టుకోను. ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది.

నాగావళి_గట్టు

ఆ జనానికంతా బ్రష్‌తో వెయ్యండి గురువుగారూ. వచ్చే ఏడాది క్యాలెండర్‌కి అందుతుంది.

నాలుగు_ప్లేట్లు (శ్రీకాకుళం)

మీరిద్దరూ మానిటర్ చూసి కొట్లాడుకుంటున్నారు. నేను ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఫైళ్ళు సరిచేసే పనిలో ఉన్నాను, కాగితం మీద ఏమవుతుందో చెబుతాను.

మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో నూటికి తొంభై ఆర్జీబీలో (తెర రంగుల పద్ధతి) ఉంటాయి. అలాంటి ఫైలుని ఫోటోషాప్‌లో స్వాప్ ప్రొఫైల్‌తో (అచ్చు రంగుల ఒక అమరిక) సీఎంవైకేకి (అచ్చులో వాడే నాలుగు ఇంకుల పద్ధతి) మారిస్తే శుద్ధ నలుపు కూడా సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90 అయి కూర్చుంటుంది. అంటే వెంట్రుకంత గీత కూడా నాలుగు ప్లేట్ల మీద (ఇంకుకి ఒకటి) పడాలి. కాగితం కాస్త సాగినా, ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్రటి నీడ. పండగ బొమ్మలో జనానికంతా జలుబు చేసినట్టు ముక్కులు ఎర్రగా వస్తాయి. నవ్వకండి, అలా వచ్చిన పోస్టర్ నా టేబుల్ మీద ఉంది.

కాబట్టి గీత నలుపు ప్లేటులో మాత్రమే ఉండాలి, రంగు ఆ గీత కిందికి కూడా వెళ్ళాలి. గీత అంచు దగ్గరే రంగు ఆపేస్తే, ప్లేటు జరిగిన చోట తెల్ల సందు కనబడుతుంది. బకెట్‌తో పోసేవాళ్ళు ఎంచుకున్న భాగాన్ని రెండు మూడు పిక్సెళ్ళు పెంచి పోయాలి.

మెత్తటి అంచు మాటకొస్తే, కుంచె గారికి నచ్చకపోవచ్చు. బూడిద పిక్సెల్ అచ్చులో బూడిదగా ఉండదు, చుక్కలవుతుంది. 300 డీపీఐ మెత్తటి గీత అచ్చయ్యాక భూతద్దంలో చూస్తే అంచు పళ్ళరంపంలా ఉంటుంది. ఫోన్‌లో చూడటానికైతే మీ ఇష్టం. అచ్చుకైతే గీతని 1200 డీపీఐలో ఒక్క బిట్ బిట్‌మ్యాప్‌గా (నలుపు, తెలుపు తప్ప మధ్య ఛాయ లేనిది) విడిగా ఇవ్వండి, రంగులు 300లో చాలు. పేజీలో రెండూ ఒకదాని మీద ఒకటి పెడతాం. ఫైలు పెద్దదవుతుందని భయపడకండి. ఏ3 సైజు 600 డీపీఐ గ్రేస్కేల్ 70 ఎంబీ దాకా ఉంటే, 1200 డీపీఐ బిట్‌మ్యాప్ అందులో సగమే.

కుంచె_చాలు

1200లో అయితే పొడి కుంచె నూగు నిలుస్తుందా?

నాలుగు_ప్లేట్లు

నిలుస్తుంది. త్రెషోల్డ్ చెడ్డది కాదండీ, తక్కువ రిజల్యూషన్‌లో త్రెషోల్డ్ చెడ్డది.

చంపావతి (విజయనగరం)

తమ్ముడూ, నువ్వు అడిగింది గీత మూయాలా వద్దా అని. అందరూ అంచు దగ్గరే ఆగిపోయారు.

గట్టు కట్టు, కానీ మాస్టారి గీత మీద కట్టకు. మూడు లేయర్లు పెట్టుకో. పైన మాస్టారి గీత, దానికి తాళం వేసెయ్. మధ్యలో ఖాళీ లేయర్, దానికి "గట్లు" అని పేరు పెట్టుకో. అన్నిటికన్నా కింద రంగులు. గీత తెగిన చోట కలిపే ముక్కలన్నీ గట్ల లేయర్‌లో గియ్యి, ఏ ముదురు గులాబీతోనో గీస్తే కళ్ళకి తెలుస్తుంది. బకెట్‌కి అన్ని లేయర్లూ చూడమని టిక్ పెట్టి, రంగు మాత్రం కింది లేయర్‌లో పొయ్యి. పని అయ్యాక గట్ల లేయర్ ఆపేస్తే ఆయన గీత ఆయనదే.

నాకు ఫోటోషాప్ కొనే తాహతు లేదు, ఉచితంగా దొరికే జింప్, క్రితా వాడతాను. జింప్ 2.10.10 నుంచి, అంటే 2019 నుంచి, బకెట్‌లోనే గీతలు గుర్తుపట్టి నింపే పద్ధతి ఉంది. ఎంత ఖాళీ వరకు మూసినట్టు లెక్కవేయాలో మనమే చెప్పొచ్చు. క్రితాలో కలరైజ్ మాస్క్ ఉంది, చీర మీద ఎర్ర పిచ్చిగీత, రవిక మీద పచ్చ పిచ్చిగీత గీస్తే హద్దులు అదే వెతుక్కుంటుంది. చిన్న ఖాళీలకి రెండూ బాగా పనిచేస్తాయి. మోచేయంత ఖాళీ ఉంటే మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. అక్కడ నీ గట్టే.

ఇంకోటి. మాస్టారి కాగితం పాతదై పసుపు తిరిగి ఉంటే కలర్‌లో స్కాన్ చేసి రెడ్ చానెల్ (బొమ్మలోని ఎరుపు పాలు) ఒక్కటే తీసుకో. పసుపు మరకలు అందులో దాదాపు కనబడవు. లేత నీలం పెన్సిల్‌తో స్కెచ్ వేసి పైన ఇంకు పెట్టే అలవాటైతే బ్లూ చానెల్ తీసుకో, పెన్సిల్ మాయమవుతుంది. ఈ రెండిట్లో ఏది అడ్డమో చూసుకో, రెండూ ఒకేసారి ఉంటే తిప్పలే.

నాగావళి_గట్టు

అక్కా, మాట బాగుంది. కానీ గట్టు ఆపేశాక అది ఉన్న చోట రంగు ఉండదు కదా? రంగు గట్టు దగ్గర ఆగిపోయింది. పైన గీత కూడా లేదు. తెల్ల దారం మిగులుతుంది. ఇది నేను చేసి చూసి వదిలేసిందే.

చంపావతి

నిజమే, మిగులుతుంది. గట్టు ఒక్క పిక్సెల్ మందంతో గీసి, పోసేటప్పుడు నాలుగు ప్లేట్లు గారు చెప్పినట్టు రెండు పిక్సెళ్ళు పెంచితే దారం పోతుంది. లేదంటే గట్టుని విడి లేయర్‌లో కాకుండా రంగుల లేయర్‌లోనే, ఆ చీర ఎరుపుతోనే గియ్యి. గట్టే రంగైపోతుంది, దాచాల్సిన పనే లేదు. నేనిప్పుడు ఎక్కువగా అలాగే చేస్తున్నాను.

నాగావళి_గట్టు

ఈ రెండోది బాగుంది. ఒప్పుకుంటున్నాను. అయినా గీసేవాళ్ళు కొంచెం రంగు వేసేవాడి మీద జాలిపడి గీయొచ్చు అనే మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కుంచె_చాలు

మీరు ఆ మాట ఇంతకుముందు అనలేదు.

నాగావళి_గట్టు

ఇప్పుడు అన్నాను.

మూడులాంతర్లు

అందరికీ దండాలు. నాలుగు రోజులు కూర్చున్నాను. 1200లో మళ్ళీ స్కాన్ చేశాను. ఇంట్లో స్కానర్ ఏ4 కాబట్టి రెండు ముక్కలుగా తీసి కలిపాను. దాన్ని అలాగే ఉంచి, 600కి తగ్గించిన కాపీ మీద ఫ్లాట్స్ వేశాను. గట్లన్నీ చంపావతి అక్క రెండో పద్ధతిలో, రంగుతోనే గీశాను. జనం అయిపోయారు. ఏనుగు, రథం అయిపోయాయి.

వల దగ్గర ఆగిపోయాను.

బెస్తవారి వలని మాస్టారు కన్నుకన్నూ గీశారు. ఆ కళ్ళలోంచి వెనక మనుషులు కనబడుతున్నారు. ఒకే చొక్కా ముప్ఫై నలభై గళ్ళుగా తెగిపోయింది. ఇక్కడ గీతలు తెగలేదు, మరీ ఎక్కువగా మూసుకుపోయాయి! ఒక స్నేహితుడు మల్టీఫిల్ ప్లగిన్ నడిపి చూపించాడు. అది మూసి ఉన్న ప్రతి గడికీ ఒక్కో రంగు పోస్తుంది కదా, వల కాస్తా బొంతలా తయారైంది.

కుంచె_చాలు

బ్రష్. నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను. వల లేదనుకుని వెనక చొక్కా వేసెయ్.

నాగావళి_గట్టు

బ్రష్ వద్దు, లాసో (చేత్తో చుట్టూ గీసి భాగాన్ని ఎంచుకునే టూల్). యాంటీ అలియాస్ (అంచుని మెత్తబరిచే సెట్టింగ్) ఆపేసి చొక్కా చుట్టూ లాసోతో గీసి ఒక్కసారి నింపు. లాసోకి గీత మూసి ఉందా తెరిచి ఉందా అనేదే అక్కర్లేదు. వెనక వాళ్ళతో మొదలుపెట్టి ముందుకి రా, ముందున్నది వెనకదాని మీద పడుతుంది. (కుంచె గారూ, ఈసారికి మనిద్దరం ఒకే పక్క ఉన్నట్టున్నాం.)

నాలుగు_ప్లేట్లు

వల నల్లగానే వేస్తావా, గోధుమ రంగా? నల్లటి వల వెనక నల్లటి గీతలతో మనుషులుంటే అచ్చులో ఆ మూల అంతా మసి పూసినట్టు ఉంటుంది. వల గీతకే రంగు మార్చాలంటే అది విడి లేయర్‌లో ఉండాలి. జనం గీతలతో కలిసిపోయి ఉంది కాబట్టి ఇప్పుడు విడదీయడం అంటే ఒక్కో పోగూ ఏరడమే.

చంపావతి

మాస్టారినే అడిగి చూడు. ట్రేసింగ్ కాగితం మీద వల ఒక్కటే మళ్ళీ గీస్తారేమో.

మూడులాంతర్లు

అడిగాను. తిడతారనుకున్నాను. ఆయన నవ్వి, "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదరా, ఒకప్పుడు మేం రంగుకో కాగితం గీసి ఇచ్చేవాళ్ళం" అన్నారు. అసలు బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి, నాలుగు మూలలా కూడిక గుర్తులు పెట్టి, వల మొత్తం మళ్ళీ లాగారు. పాత కాగితం మీద వల ఉన్న చోట తెల్ల రంగు పూసి, వెనక మనుషుల్ని పూర్తిగా గీసేశారు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళకి అయిపోయింది.

రెండూ స్కాన్ చేసి మూలల గుర్తులు కలిపితే చక్కగా కూర్చున్నాయి. వల ఇప్పుడు విడి లేయర్. పారదర్శకతకి తాళం వేసి గోధుమ రంగు పూస్తే పోగులు మాత్రమే మారాయి. వెనక చొక్కాలకి బకెట్ చాలింది, ఎందుకంటే ఆ మనుషుల గీతలు మాత్రం ఆయన మూసే గీశారు. నేనేమీ అడగలేదు.

నాగావళి_గట్టు

చూశారా, జాలిపడ్డారు.

కుంచె_చాలు

ఎంతమంది మనుషులు?

మూడులాంతర్లు

పదకొండు మంది. పదిమందికి మూశారు. వల లాగుతున్న ముసలాయన మోచెయ్యి మాత్రం వదిలేశారు.