బీటిల్‌లో ఆటోమేటిక్ చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు

ప్రశ్న

నమస్కారం. ఒహాయోలో ఉంటున్న నేను రెండేళ్ల క్రితం 1972 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొన్నాను. ఇంజను 1600 సీసీ, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ సోలెక్స్ 34 పిక్ట్-3. చలి ఉదయాల్లో తేలిగ్గానే స్టార్ట్ అవుతుంది కానీ, పది నిమిషాలు నడిచినా ఐడిల్ (ఆక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగం) దిగదు, వెనక నల్లటి పొగ వస్తుంది, ప్లగ్గులు విప్పితే కాటుకలా మసి కనిపిస్తుంది. ఎయిర్ క్లీనర్ తీసి చూస్తే చల్లటి ఇంజను కోసం గాలి దారిని మూసే చోక్ రేకు సగమే తెరుచుకుని ఉంది. చోక్ మూత స్క్రూలు మూడూ వదులు చేసి కొంచెం తిప్పితే పొగ తగ్గింది, మర్నాడు మాత్రం బండి అసలు స్టార్ట్ కాలేదు. చోక్ తీగ ఊడదీసి మల్టీమీటరుతో కొలిస్తే 12 వోల్టులు చూపిస్తోంది. కొత్త మూత కొనవలసిందేనా?

మొదటి జవాబు

ఇప్పుడే కొనకండి. ముందు మూత మీది గాటును కార్బ్యురేటర్ మీదున్న మూడు గీతల్లో నడిమి గీతకు ఎదురుగా పెట్టండి. మీరు తిప్పి సరిచేసింది పొగనే తప్ప అసలు లోపాన్ని కాదు. మూతలోని రెండు లోహాల చుట్ట స్ప్రింగు చల్లగా ఉన్నప్పుడు రేకును మూసి ఉంచుతుంది, ప్లగ్గులకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్ వైపు నుంచి వచ్చే కరెంటుతో వేడెక్కి కొద్ది నిమిషాల్లో దాన్ని నిలువుగా తెరుస్తుంది. పరీక్షకు కీ ఆన్ చేసి వదిలేయకండి, పాయింట్లూ (కాయిల్ కరెంటును తెంచి కలిపే కాంటాక్టులు) కాయిలూ పాడవుతాయి. ఇంజను బాగా చల్లారాక ఆక్సిలరేటర్ ఒకసారి అదిమి వదలండి, రేకు మూసుకుంటుంది. తర్వాత చోక్ తీగ పీకేసి, వెనక సీటు కింది బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ఉన్న పొడవాటి తీగను నేరుగా చోక్‌కు తగిలించండి. రేకు నిలువుగా లేస్తే మూత బాగానే ఉన్నట్టు.

రెండో జవాబు

పై సలహా సరైనదే. అయితే ఊడదీసిన తీగలో 12 వోల్టులు కనిపించినంత మాత్రాన ఏమీ తేలదండి, ఎందుకంటే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరుకు సరిపడా వోల్టేజి చూపించి, చోక్ కరెంటు లాగగానే చేతులెత్తేస్తుంది. తీగను చోక్‌కు తగిలించి, ఇంజను నడుస్తుండగా అక్కడే కొలవండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే మూడు నిమిషాలు తిరక్కుండానే రేకు నిటారుగా నిలబడింది. పాత తీగ తగిలించి కొలిస్తే 5 వోల్టులు కూడా లేవు. కాయిల్ దగ్గరి క్లిప్పు మీది ప్లాస్టిక్ తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి, పట్టుకోగానే పొడిగా రాలాయి. ఆ మేరకు కత్తిరించి కొత్త క్లిప్పు బిగించాను. గాటు నడిమి గీత మీదే ఉంది, ఈ ఉదయం పొగ లేదు.