ఆరు దేశాల్లో కంపెనీలు, కంప్లయన్స్ (చట్టప్రకారం వేయాల్సిన ఫైలింగ్‌లు, గడువులు) చూసేది ఒక్కదాన్నే. మీరెలా నెట్టుకొస్తున్నారు?

మినిట్స్_బుక్:
మా గ్రూపుకి ఇండియా, సింగపూర్, యూకే, జర్మనీ, నెదర్లాండ్స్, అమెరికాలో (డెలావేర్) ఒక్కో కంపెనీ ఉంది. సెక్రటేరియల్ పనంతా నేనూ, ఒక ఎక్సెల్ షీటూ. పోయినేడాది ఒక దేశంలో అకౌంట్స్ దాఖలు గడువు దాటిపోయింది. రిమైండర్ రాలేదని కాదు, వచ్చింది. కానీ ఐదు నెలల ముందే మానేసిన డైరెక్టర్ మెయిల్‌కి వెళ్లింది, ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు. పెనాల్టీ కట్టేశాం, అది పెద్ద బాధ కాదు. లోన్ కాగితాల దగ్గర బ్యాంకు వాళ్లు ఆ ఆలస్యం గురించి అడిగినప్పుడు బోర్డుకి ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సాఫ్ట్‌వేర్ కొనాలా, ఫైలింగ్‌లు చేసిపెట్టే సంస్థని దేశానికొకటి పెట్టుకోవాలా? చేసినవాళ్లు చెప్పండి.

గడువు_లెక్క:
సాఫ్ట్‌వేర్ తర్వాత చూడొచ్చండీ, ముందు మీ షీట్‌లో "దేన్నుంచి లెక్క" అని ఒక కాలమ్ పెట్టండి. తేదీ ఒక్కటే రాసుకుంటే తప్పకుండా దెబ్బతింటాం. ఇండియాలో ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు పెట్టాలి, ఏఓసీ-4కి (అకౌంట్స్ ఫారం) 30 రోజులు, ఎంజీటీ-7కి (వార్షిక రిటర్న్ ఫారం) 60 రోజులు అన్నది మాత్రం ఏజీఎం జరిగిన రోజు నుంచి. అంటే మీరు ఏజీఎం జూలైలోనే కానిచ్చేస్తే ఆ గడువులు కూడా అంత తొందరగా వచ్చేస్తాయి, ఇది మేం ఒకసారి మర్చిపోయాం. సింగపూర్‌లో ప్రైవేట్ కంపెనీ వార్షిక రిటర్న్ ఏజీఎం నుంచి కాదు, ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు నుంచి ఏడు నెలలు. యూకేలో అకౌంట్స్‌కి మామూలుగా తొమ్మిది నెలలు, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్‌కి (కంపెనీ వివరాలు సరిగా ఉన్నాయని ఏటా ఇచ్చే ప్రకటన) దానితో సంబంధమే లేదు, దాని రివ్యూ కాలం వేరు, అది ముగిశాక 14 రోజులు. డెలావేర్‌లో కార్పొరేషన్ అయితే మీ సంవత్సరం ఎప్పుడు ముగిసినా వార్షిక రిపోర్టుకి గడువు మార్చి 1.

నెదర్లాండ్స్ విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. అకౌంట్స్ దాఖలుకి ఎంత సాగదీసినా సంవత్సరం ముగిశాక 12 నెలలే. అది దాటి, ఆ తర్వాత కంపెనీ దివాలా తీస్తే, డైరెక్టర్లు బాధ్యత సరిగా నిర్వర్తించలేదని చట్టమే అనుకుంటుంది, అప్పుల కోసం సొంత ఆస్తి మీదికి కూడా రావచ్చు.

నిశ్శబ్ద_పాఠకుడు:
దేశానికో సంస్థని పెట్టుకుంటే ఈ టెన్షన్ అంతా వాళ్లదే కదా? మేం అలాగే చేస్తున్నాం.

రెసిడెంట్_182:
కాదండీ. ఫారం వాళ్లు వేస్తారు, బాధ్యత డైరెక్టర్ దగ్గరే ఉంటుంది. పైగా మీరు సమాచారం ఇస్తేనే వాళ్లు వేసేది. డైరెక్టర్ మారాడని, రిజిస్టర్డ్ ఆఫీసు మారిందని వాళ్లకి ఎవరు చెప్తారు?

మా దగ్గర జరిగింది చెప్తాను. ఇండియాలో ఒక డైరెక్టరైనా ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు దేశంలో ఉండాలి. మా డైరెక్టర్ నెలకి రెండుసార్లు విమానం ఎక్కే మనిషి. ఏజెంట్ సంస్థ ఎప్పుడూ అడగలేదు, మేమూ అడగలేదు. ఫిబ్రవరి ఆఖర్లో అనుమానమొచ్చి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పాస్‌పోర్ట్‌లో స్టాంపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టాం, కొన్ని అలుక్కుపోయి ఉంటే బోర్డింగ్ పాసులు వెతికాం. 158 తేలింది. మార్చిలో 24 రోజులు కదలకుండా ఉండాలి. రెండు ప్రయాణాలు రద్దు చేసుకున్నారు పాపం. ఇప్పుడు ప్రతి మూడు నెలలకీ లెక్క చూస్తాం. సింగపూర్‌లో కూడా అక్కడ నివసించే డైరెక్టర్ ఒకరు ఉండి తీరాలి, ఉన్న ఒక్కరూ రాజీనామా చేద్దామన్నా ఇంకొకరు వచ్చేదాకా కుదరదు.

నోటరీ_ముందు:
సంతకాలకి ఎన్ని రోజులు పడుతుందో కూడా రాసుకోండి. జర్మనీలో జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ) వాటా చేతులు మారాలంటే నోటరీ ముందే జరగాలి. మాకు పవర్ ఆఫ్ అటార్నీ వెనక్కి వచ్చింది, ఎందుకంటే డైరెక్టర్ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బోర్డు తీర్మానంలో పొడి అక్షరమే వేశాం. ఒక్క అక్షరానికి మూడు వారాలు పోయాయి. అప్పట్నుంచి మా షీట్‌లో ప్రతి మనిషి పేరూ పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఉంటుంది, పాస్‌పోర్ట్ ఎప్పుడు ముగుస్తుందో కూడా.

అపోస్టిల్ (ఎంబసీ ముద్ర లేకుండానే కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) ఉంటే చాలని కూడా అనుకోకండి. దాని వెనకున్న 1961 హేగ్ కన్వెన్షన్‌లో రెండు దేశాలూ ఉన్నా, ఒక దేశం రెండోదాని చేరికకి అభ్యంతరం చెప్పి ఉంటే వాళ్ల మధ్య అది చెల్లదు. కాగితం పంపేముందు హేగ్ వాళ్ల స్టేటస్ టేబుల్ చూడండి. ఆ కన్వెన్షన్ చైనాలో 2023 నవంబర్‌లో, కెనడాలో 2024 జనవరిలో అమల్లోకి వచ్చింది, పాత చెక్‌లిస్టుల్లో ఇంకా ఎంబసీ ముద్ర అనే ఉంటుంది.

బోర్డు_గది:
ఫైలింగ్‌ల గురించే మాట్లాడుతున్నారు, ఒక మాట చెప్పాలి. అనుబంధ కంపెనీల మినిట్స్ (బోర్డు మీటింగ్ రికార్డులు) అన్నీ హెడ్ ఆఫీసులో ఒకే చేత్తో రాసి సంతకానికి పంపుతుంటే దయచేసి ఆపండి. నిర్ణయాలు నిజంగా ఎక్కడ జరుగుతున్నాయన్నది పన్నుల వాళ్లు చూస్తారు, కంపెనీ పన్ను నివాసమే, అంటే ఏ దేశపు కంపెనీగా పన్ను కట్టాలన్నదే, మారిపోవచ్చు. మా గ్రూపులో ఒక డైరెక్టర్‌ని ఆడిటర్ "ఈ గ్యారంటీ ఎందుకిచ్చారు?" అని అడిగితే, తను సంతకం పెట్టిన తీర్మానం ఆయన అప్పుడే మొదటిసారి చదివారు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. ఇప్పుడు కాగితాలు ఏడు రోజుల ముందు వెళ్తాయి, డైరెక్టర్ ప్రశ్న అడిగితే ఆ ప్రశ్న కూడా మినిట్స్‌లో రాస్తాం.

మినిట్స్_బుక్:
అందరికీ చాలా థాంక్సండీ. ఈ వారం మూడు పనులు చేశాను. రిమైండర్లన్నీ నేనూ ఇంకొకరూ చూసే ఒకే మెయిల్‌కి మార్చాను, ఏజెంట్లందరికీ డైరెక్టర్ల కొత్త జాబితా పంపాను, "దేన్నుంచి లెక్క" కాలమ్ పెట్టాను. ఆ కాలమ్ నింపుతుంటేనే ఇంకోటి బయటపడింది. 2025 నవంబర్ 18 నుంచి యూకేలో డైరెక్టర్ల గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి కదా, పాత డైరెక్టర్లు వచ్చే కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్‌తో పాటు ఆ ధ్రువీకరణ అయ్యాక వచ్చే పర్సనల్ కోడ్ ఇవ్వాలి. మా యూకే డైరెక్టర్లు ఇద్దరిలో ఒకరు ఇంకా మొదలుపెట్టలేదు. గడువు మూడు వారాలుంది, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.