‘సన్నిపాతజ్వరస్యాంతే’: ఇక్కడ సన్నిపాతం అంటే టైఫాయిడేనా?

ప్రశ్న:

చరకసంహిత చికిత్సాస్థానంలోని జ్వరాధ్యాయం నుంచి ఈ శ్లోకానికి తెలుగు తాత్పర్యం రాస్తున్నాను.

సన్నిపాతజ్వరస్యాంతే కర్ణమూలే సుదారుణః |
శోథః సంజాయతే తేన కశ్చిదేవ ప్రముచ్యతే ||

సైన్సు పాఠాల్లో టైఫాయిడ్‌ని సన్నిపాత జ్వరమనే చదువుకున్నాం కదా, తాత్పర్యంలో నేరుగా టైఫాయిడ్ అని పెట్టేయవచ్చా? కర్ణమూలశోథాన్ని గవదబిళ్లలు అనవచ్చా? ఇంకో అనుమానం కూడా ఉంది. టైఫాయిడ్ పేగుల జబ్బు, దానికి చెవి దగ్గర వాపెందుకు?

సంస్కృతం చెప్పే సభ్యుడు:

ముందు అన్వయం చూద్దాం. ‘అంతే’ని మన తెలుగు ‘అంతే’లా చదివి, జ్వరం వస్తే ఇక అంతే సంగతులు అని అర్థం చెప్పినవాళ్లున్నారు! అది సప్తమి, ‘చివరి దశలో’ అని. ‘సుదారుణః’ మొదటి పంక్తి చివర ఉండటంతో జ్వరానికి విశేషణమేమో అనిపిస్తుంది గానీ, అది రెండో పంక్తిలోని ‘శోథః’కు చెందుతుంది. దారుణమైనది వాపు. ‘తేన’ కూడా ఆ వాపునే పట్టుకుంటుంది. జ్వరం గడిచి బతికినా, ఆ వాపు నుంచి ఏ ఒక్కడో బయటపడతాడు అని భావం.

ఇక సన్నిపాతమంటే కలిసి పడటం. వాత పిత్త కఫాలు మూడూ ఒకేసారి ప్రకోపించిన జ్వరం. అది ఒక క్రిమి పేరు కాదు, ఒక స్థితి పేరు. తర్వాతి గ్రంథాల్లో పదమూడు సన్నిపాతాలకు విడివిడిగా పేర్లున్నాయి. తంద్రికం, ప్రలాపకం, చిత్తవిభ్రమం, కర్ణకం వగైరా. కర్ణకం మీ శ్లోకంలోని వాపే. పదమూడింటినీ తీసుకెళ్లి ఒక్క టైఫాయిడ్‌లో కట్టేస్తే అన్యాయం.

వైద్యురాలైన సభ్యురాలు:

పై మాటకే నా ఓటు. అయితే టైఫాయిడ్‌కి ఆ పేరు ఎందుకు అతికిందో తేలిగ్గానే ఊహించవచ్చు. మందుల్లేని కాలంలో రెండో వారం దాటిన రోగి మత్తుగా పడి ఉండేవాడు, గొణిగేవాడు, కళ్లు తెరిచే ఉన్నా పలికేవాడు కాదు, దుప్పటి పోగులు పీకుతుండేవాడు. మనం సంధి ప్రేలాపన అనేది అదే. అసలు టైఫాయిడ్ అన్న పేరే దీన్నుంచి వచ్చింది. గ్రీకులో టైఫోస్ అంటే పొగ, మనసును కమ్మే మసక. టైఫస్ అనే మరో జ్వరం లాంటిది కాబట్టి టైఫాయిడ్. 1829లో పారిస్‌లో పియేర్ లూయీ అనే వైద్యుడు ఆ పేరు వాడాడు. అంటే అక్కడా ఇక్కడా పేరులో కనిపించేది పేగు కాదు, మనిషి తెలివి తప్పడం. 1948లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుందని తేలాక ఆ దృశ్యం అరుదైపోయింది.

పేగుల జబ్బు అన్నారు చూడండి, అది సగం నిజం. టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫి నోటి ద్వారా వెళ్లి పేగు గోడ దాటుతుంది. అక్కడినుంచి రక్తంలో కలిసి కాలేయం, ప్లీహం, ఎముక మూలుగ, పిత్తాశయం చేరుతుంది. రక్తం పోయేచోటికల్లా పోగలదు కాబట్టే ఒకరికి ప్లీహంలో చీముగడ్డ, ఒకరికి ఎముకలో చీము, ఇంకొకరికి గుండె కండరం వాపు. చిన్నమెదడు దెబ్బతిని నడక తూలేవాళ్లు, మాట ముద్దయ్యేవాళ్లు అరుదుగా కనిపిస్తారు. విరేచనాలే ఉండాలన్న నియమమూ లేదు, పెద్దవాళ్లలో మలబద్ధకం మామూలే. ఇక అందరూ భయపడే పేగు చిల్లు ఎక్కువగా మూడో వారంలో పడుతుంది. శ్లోకంలో ‘అంతే’ అన్న మాట నాకు అందుకే నచ్చింది. దెబ్బ ఆలస్యంగా పడుతుందని రాసినవాళ్లు కనిపెట్టారు.

ప్రశ్న అడిగినవారు:

అయితే చెవి వాపు టైఫాయిడ్‌కి రుజువే కదా?

వైద్యురాలైన సభ్యురాలు:

అదే పొరపాటు. రోజుల తరబడి జ్వరంలో నీళ్లు సరిగా తాగక నోరు ఎండిపోతుంది. లాలాజలం పారదు. నోట్లోని క్రిములు నాళం వెంట ఎదురెక్కి చెవి కిందున్న లాలాజల గ్రంథిలో చీము పట్టిస్తాయి. చాలాసార్లు అది స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పని. టైఫాయిడ్ క్రిమే అక్కడ చేరడం ఎప్పుడో గానీ జరగదు. పాత టైఫాయిడ్ వర్ణనల్లో ఈ వాపు ఉంది, నిజమే. కానీ అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌కి 1881లో ఇదే వచ్చింది. ఆయనకు తగిలింది తుపాకీ గుండు, టైఫాయిడ్ కాదు. జులైలో కాల్పులు జరిగితే ఆగస్టులో గ్రంథికి చీము పట్టింది, సెప్టెంబరులో చనిపోయారు. కాబట్టి ఆ వాపు రోగి ఎంత శుష్కించాడో చెబుతుందే తప్ప, ఏ జబ్బో చెప్పదు.

గవదబిళ్లలు మాత్రం వద్దండీ. అది వైరస్‌తో వచ్చేది, ఎక్కువమందిలో దానంతటదే తగ్గిపోతుంది. ‘కశ్చిదేవ ప్రముచ్యతే’ పక్కన ఆ మాట పెడితే, గవదబిళ్లలు వస్తే బతకరా అని పాఠకుడికి టెన్షన్ పట్టుకుంటుంది.

సంస్కృతం చెప్పే సభ్యుడు:

మరైతే నేను ఇలా రాస్తాను: ‘సన్నిపాత జ్వరం చివరి దశలో చెవి మొదట భయంకరమైన వాపు పుడుతుంది. దాన్నుంచి బయటపడేవాడు ఏ ఒక్కడో.’ సన్నిపాతాన్ని అలాగే ఉంచాను. టైఫాయిడ్ ప్రస్తావన కావాలంటే కింద వ్యాఖ్యలో రాసుకోండి, తాత్పర్యంలోకి తేవద్దు.

ప్రశ్న అడిగినవారు:

‘చెవి మొదట’ అంటే ఈకాలం వాళ్లు ‘ముందుగా చెవి’ అనుకుంటారేమో. ‘చెవి కింద’ అని మారుస్తున్నాను, అభ్యంతరం లేదుగా?

సంస్కృతం చెప్పే సభ్యుడు:

లేదు. గ్రంథి ఉన్నదీ అక్కడే.